పాత ట్రాక్టర్ టైర్ల వయసు, మన్నిక: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఖమ్మం వైపు ఊరు. కాలువ కింద వరి, మెట్టలో పత్తి, మిర్చి. ఇంట్లోకి ట్రాక్టరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఊళ్లో ఎవరు పాత బండి బేరానికి వెళ్లినా, ఇంజన్ చూడ్డానికి మెకానిక్‌ను, టైర్లు చూడ్డానికి నన్ను వెంటబెట్టుకుపోతారు. అలా వెళ్లిన చోటల్లా తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు ఇవి.

టైరు ఎప్పుడు తయారైందో ఎలా తెలుస్తుంది?

టైరు పక్క గోడ మీద, అంటే సైడ్‌వాల్ మీద, చిన్న గడిలోనో కోడిగుడ్డు ఆకారపు గీత మధ్యనో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ నెల సరుకు.

చాలాసార్లు ఈ అంకెలు టైరుకు ఒకవైపే ఉంటాయి. ఆ వైపు కాస్తా మడ్‌గార్డు కిందకు, లోపలికి పోయి ఉంటుంది. టార్చి పట్టుకుని బండి కింద దూరాల్సిందే. మట్టి కడిగేసి, ఆరాక సుద్దముక్క అడ్డంగా రుద్దితే అరిగిపోయిన అంకెలు కూడా తెల్లగా పైకి తేలతాయి. బడిలో పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతారే, అదే పద్ధతి.

నాలుగు అంకెలు కాకుండా మూడే ఉన్నాయి. ఏమిటి అర్థం?

2000 సంవత్సరానికి ముందు టైరు అయి ఉండొచ్చు. అప్పట్లో వారానికి రెండంకెలు, సంవత్సరానికి ఒక్కటే అంకె వేసేవారు. 238 అంటే 23వ వారం, ఎనిమిదితో ముగిసే సంవత్సరం. అది 1998 కావచ్చు, 1988 కూడా కావచ్చు. ఏదైనా ఒకటే, అది పొలానికి పోయే టైరు కాదు.

ఇంకో సంగతి. ఈ నాలుగంకెల పద్ధతి రోడ్డు బండ్ల టైర్ల కోసం వచ్చింది. పొలం టైర్లన్నింటి మీదా ఇదే తీరులో ఉంటుందనుకోవద్దు. కొన్నింటి మీద కంపెనీ సొంత సీరియల్ నంబరే కనిపిస్తుంది. ఆ నంబరు ఫోటో తీసి ఆ కంపెనీ డీలర్‌కు పంపితే సంవత్సరం చెబుతారు.

13.6-28, 12 పీఆర్ అని కూడా ఉంది. అది తేదీ కాదుగా?

కాదు. 13.6 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో, 28 అంటే డిస్కు, అంటే టైరు ఎక్కే ఇనుప చక్రం, వ్యాసం. మధ్యలో అడ్డగీత ఉంటే మామూలు నైలాన్ టైరు, ఆర్ అనే అక్షరం ఉంటే రేడియల్. పీఆర్ అంటే ప్లై రేటింగ్, ప్లై అంటే పొర. కానీ అది ఎంత బరువుకు తట్టుకుంటుందో చెప్పే లెక్క. లోపల పన్నెండు పొరలు ఉన్నాయని కాదు.

అసలు ట్రాక్టర్ టైరు ఎన్నేళ్లు వస్తుంది?

ఈ ప్రశ్నకు ఏళ్లలో జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. కారు టైరు పదేళ్లు దాటితే గ్రిప్పు ఎంత ఉన్నా తీసేయమంటారు. ఎందుకంటే అది వంద కిలోమీటర్ల వేగంతో వేడెక్కుతూ తిరిగే వస్తువు. ట్రాక్టరు పొలంలో నడిచేది గంటకు నాలుగైదు కిలోమీటర్లు. అందుకే పదిహేనేళ్ల వెనక టైరు ఇంకా గొర్రు లాగుతూ కనిపించినా ఆశ్చర్యం లేదు. అదే టైరు రోజూ ఇసుకకో ఇటుకకో తారు రోడ్డు మీద తిరిగితే మూడు నాలుగేళ్లకే టైరు మీది రబ్బరు గుబ్బలు నేలమట్టం అవుతాయి.

కాబట్టి రెండు లెక్కలు వేరువేరుగా చూడాలి. ఒకటి అరుగుదల, దాన్ని మీటరు గంటల్లో, అంటే బండి ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరుతో, కొలవాలి. మా వైపు ఎక్కువగా పొలం, కొంచెం రోడ్డు తిరిగే బండికి వెనక టైర్లు సుమారు మూడు వేల గంటలు వస్తే సంతోషిస్తాం. రెండోది రబ్బరు ముసలితనం. అది మీటరు ఆగిపోయినా ఆగదు. ఇంకా చెప్పాలంటే మీటరు ఆగినప్పుడే ఎక్కువ.

తిరగని టైరు ఎందుకు పగులుతుంది? పని చేయకపోతే మన్నాలి కదా?

అందరూ అనుకునేది అదే, తేడా కొట్టేదీ అక్కడే.

రబ్బరును లోపలి నుంచి తినేది గాల్లో ఉండే ఆక్సిజన్. పైనుంచి కొరికేది ఓజోన్. ఎండ, వేడి ఈ రెండింటికీ తోడు. దీనికి విరుగుడుగా కంపెనీలు తయారీలోనే మైనం, కొన్ని రసాయనాలు కలుపుతాయి. టైరు తిరుగుతూ నలుగుతున్నంత కాలం ఆ మైనం లోపలి నుంచి కొంచెం కొంచెంగా పైకి ఊరి, పలచని పొరలా కప్పుతుంది. కొత్త టైరు కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరిగిందని కంగారు పడుతుంటారు కొందరు. లోపల కలిపిన ఆ మందులు పైకి వచ్చినప్పుడే ఆ రంగు. దాన్ని సబ్బు పెట్టి రుద్ది కడగాల్సిన పనిలేదు.

టైరు నిలబడిపోతే ఈ ఊరడం తగ్గిపోతుంది. పైగా బండి బరువంతా ఒకే చోట పడి, అక్కడ సైడ్‌వాల్ ఉబ్బి సాగి ఉంటుంది. సాగి ఉన్న రబ్బరు అంటే ఓజోన్‌కు మహా ఇష్టం. పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

మా ఇంట్లోనే చూశాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చి సేద్యం కౌలుకిచ్చాక, ట్రాక్టరు మూడేళ్లు ఇంటి వెనక వేపచెట్టు కింద నిలబడింది. వెనక టైర్లు రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే వారం తేదీ ఉన్నవి. కుడి టైరు మీద చెట్టు నీడ. ఎడమ టైరు మీద మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దుగూకే దాకా పడమటి ఎండ. మూడేళ్ల తర్వాత బండి తీస్తే కుడి టైరు మీద సన్నని వెంట్రుక గీతలు తప్ప ఏమీ లేవు. ఎడమ దాని సైడ్‌వాల్ నెర్రెలిచ్చిన చెరువులా ఉంది. కింద నేలకు ఆనిన చోట నెర్రెలో వేలిగోరు దిగింది. తేదీ ప్రకారం రెండూ కవలలు. గాలి కొట్టించి పొలంలోకి దింపిన వారానికి ఎడమది వదిలేసింది, కుడిది ఆ తర్వాత కూడా నాలుగు సీజన్లు లాగింది.

అప్పటి నుంచి నేను తేదీ కన్నా ముందు అడిగేది ఒకటే: బండి ఎక్కడ నిలబెట్టేవారు?

ఏ పగులు పర్వాలేదు, ఏది ప్రమాదం?

కంటితో చూసి తేల్చేది కాదిది, చేత్తో చూడాలి. గాలి సరిగ్గా ఉన్నప్పుడు బొటనవేలి గోరు పగులు మీద అడ్డంగా గీయండి. గోరు జారిపోతే అది పైపై గీత, బట్టతల మీద ముడత లాంటిది. గోరు తట్టుకుంటే జాగ్రత్త. అగ్గిపుల్ల మొన దిగితే ఆ టైరును రోడ్డు మీద ట్రక్కు, అంటే వెనక తగిలించే ట్రాలీ, లాగడానికి వాడకండి. లోపల దారాలు, అంటే నైలాన్ పోగులు, తెల్లగానో గోధుమగానో కనిపిస్తే ఇక దాని గురించి మాట్లాడుకోవడం అనవసరం. ఆ పోగుల్లోకి నీరు దిగుతుంది, అవి కుళ్లుతాయి, ఒకరోజు లోడు మీద ఉండగా విచ్చుకుంటుంది.

పగులు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. గుబ్బ మొదట్లో, గుబ్బకూ టైరు ఒంటికీ కలిసే చోట పగులు చుట్టూ తిరుగుతూ ఉంటే ఆ గుబ్బ ఊడివచ్చే రోజు దగ్గర్లో ఉంది. డిస్కు అంచు దగ్గర, లోపల తీగల కట్ట ఉండే చోట పగిలితే అది అన్నింటికన్నా చెడ్డది. అక్కడ పంచర్ షాపువాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఇక సైడ్‌వాల్ మీద ఎక్కడైనా కోడిగుడ్డంత ఉబ్బు కనిపించిందంటే లోపల పోగులు తెగాయన్నమాట. పగుళ్లు లేకపోయినా సరే, ఆ టైరు పని అయిపోయినట్టే.

గ్రిప్పు ఎంత అరిగితే మార్చాలి?

కొత్తగా ఉన్నప్పటి ఎత్తులో అయిదో వంతుకు వస్తే మార్చడమే నయం. కానీ స్కేలు పెట్టి కొలవడం కన్నా పొలంలో తేల్చుకోవడం నాకు ఇష్టం. ఖర్చు లేని పని, అరగంట చాలు.

వెనక టైరు మీద సుద్దతో ఒక గీత గీయండి. కల్టివేటర్ దించి మామూలు లోతులో, మామూలు గేరులో దున్నుతూ, ఆ చక్రం పది చుట్లు తిరిగేంత దూరానికి ఒక కర్ర పాతండి. తర్వాత కల్టివేటర్ ఎత్తేసి అదే దూరం మళ్లీ నడిపి చుట్లు లెక్కపెట్టండి. ఎనిమిదిన్నర చుట్లకే చేరితే, పనిలో ఉన్నప్పుడు వందకు పదిహేను వంతులు జారుతోందని అర్థం. పది, పదిహేను దాకా సహజం. అసలు జారకుండా ఉంటే బండి మీద బరువు ఎక్కువైందని అనుమానించాలి. ఎనిమిది చుట్లకే చేరితే ఇరవై శాతం జారుడు. అయిదు లీటర్ల డీజిల్ పోస్తే అందులో లీటరు చక్రం ఉత్తినే గిరగిరా తిరగడానికి పోతున్నట్టు లెక్క.

గట్టి ఎర్రనేలలో సగం అరిగిన టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. రేగడి తడి మీద మాత్రం కనికరించదు. మీ నేలను బట్టి నిర్ణయించుకోండి.

గాలి ఎంత ఉండాలి?

సాధారణంగా మన బండ్లకు వెనక టైర్లలో పొలానికి 12 నుంచి 14 పౌండ్లు, రోడ్డు మీద లోడుకు ఇంకో మూడు నాలుగు ఎక్కువ. ముందు టైర్లలో 25 నుంచి 30 మధ్య. మీ బండి పుస్తకంలో ఏముందో అదే ఖాయం.

పంచర్ షాపులో లారీకి కొట్టే అలవాటుతో ట్రాక్టరు వెనక టైరుకు 30 కొట్టేస్తుంటారు. టైరు బిగుసుకుపోయి నేల మీద నడుమ భాగమే ఆనుతుంది, అక్కడే అరుగుతుంది, చేలో కోసిన కట్టె మొడ్డు తగిలితే టప్పున దిగుతుంది. తక్కువైతే ఇంకో తంటా. సైడ్‌వాల్ మడతలు పడి లోపల వేడి పుడుతుంది. దమ్ములో, అంటే వరి మడి బురదలో, లాగినప్పుడు డిస్కు తిరుగుతుంది కానీ టైరు తిరగదు, దాంతో ట్యూబు వాల్వు మొదలంటా తెగుతుంది. పాత టైర్లలో నేను చూసిన సైడ్‌వాల్ పగుళ్లలో సగం వయసు వల్ల కావు, గాలి చూసుకోకపోవడం వల్ల వచ్చినవే. గాలి చూసే గేజి ఖరీదు ఒక్క పంచర్ ఖర్చు కన్నా పెద్ద ఎక్కువేం కాదు.

టైర్లో నీళ్లు నింపితే టైరు పాడవుతుందా?

టైరు కాదు, డిస్కు పాడవుతుంది. వాల్వును పైకి పెట్టి ఆ మట్టం వరకు, అంటే సుమారు ముప్పావు వంతు, నింపడం పద్ధతి. 13.6-28 టైరుకు నూట యాభై లీటర్లకు పైగానే పడతాయి. అంత బరువు వెనక చక్రం మీద పడితే జారుడు తగ్గి గుబ్బలు ఎక్కువ కాలం వస్తాయి. చలి దేశాల్లో నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలుపుతారు. మనకు ఆ అవసరం లేదు. ఎవరో వీడియోలో చెప్పారని ఉప్పు కలిపితే డిస్కును చేజేతులా తుప్పుకు అప్పగించినట్టే. మంచినీళ్లు చాలు. కారితే మాత్రం వెంటనే చూడండి. వాల్వు రంధ్రం చుట్టూ తుప్పు పొరలు లేచి, అవే ట్యూబును కోస్తాయి.

నీళ్లతో బండిని నెలల తరబడి రోడ్డు మీద తిప్పకండి. రోడ్డు సీజన్‌లో నీళ్లు దించేయడం మంచిది.

పత్తి, కంది చేలలో టైర్లు త్వరగా పోతున్నాయి. ఏం చేయాలి?

పత్తి కట్టె కోసిన తర్వాత మిగిలే మొడ్డు ఏటవాలుగా ఉంటుంది, ఎండితే ఉలి మొనతో సమానం. కంది మొడ్డు అంతకన్నా గట్టిది. మొక్కజొన్న మొడ్లు మెత్తగా కనిపిస్తాయి కానీ వేల సంఖ్యలో పొడుస్తూ గుబ్బల మధ్య రబ్బరును గీరి గీరి పలచన చేస్తాయి. పాతబడి గట్టిపడిన రబ్బరుకు ఇది ఇంకా త్వరగా తగులుతుంది, ఎందుకంటే అది వంగి తప్పుకోలేదు.

నేను చేసేవి చెబుతాను. మొడ్లను కొడవలితో కాకుండా వేరుతో పీకించడమో, కట్టె ముక్కలు చేసే ష్రెడ్డర్ తిప్పించడమో మొదటిది. కుదరకపోతే సాలు వెంబడి మొడ్లు రెండు చక్రాల నడుమ పడేలా నడపడం. గాలి రెండు పౌండ్లు కూడా ఎక్కువ కాకుండా చూసుకోవడం. కొత్త టైర్లు వేసిన ఏడాది అద్దెకు పత్తి చేలకు పోకపోవడం. చివరిది చాలామంది వినరు, సీజన్‌లో డబ్బు వచ్చే పని కదా.

గట్ల మీద సర్కారు తుమ్మ ముల్లు సంగతి వేరే చెప్పాలా! అది టైరును చంపదు, ట్యూబును చంపుతుంది. విరిగిన ముక్క టైరులోనే ఉండిపోయి, ట్యూబు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ మళ్లీ పొడుస్తుంది. పంచర్ వేసేటప్పుడు టైరు లోపల గుడ్డతో తుడవమని అడగండి. ముల్లుంటే గుడ్డ పట్టుకుంటుంది. చేత్తో తడిమితే వేలికి దిగుతుంది.

దమ్ముకు ఇనుప చక్రాలు వేస్తే టైర్లు మిగులుతాయి కదా?

మిగులుతాయి. టైరు తీసేసి పూర్తి కేజ్ వీల్ బిగిస్తే ఆ నెల రోజులు టైరు షెడ్డులో ఉంటుంది. టైరు పక్కనే సగం కేజ్ వీల్ బిగిస్తే మాత్రం, మధ్యలో ఇరుక్కున్న మట్టి, కొయ్యలు సైడ్‌వాల్‌ను రుద్దుతూ ఉంటాయి. రోజూ సాయంత్రం ఆ సందు కడగాలి. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే పోలీసులు జరిమానా రాస్తారు, రోడ్డు మీద పడిన గీతలు అందరూ చూస్తారు.

మొదట్లో ట్రాక్టర్లన్నీ ఇనుప చక్రాలతోనే వచ్చాయి. గాలి టైర్లతో ట్రాక్టరును 1932లో అమెరికాలో అలిస్-చాల్మర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ టైర్లు వేసి అమ్మకానికి తెచ్చింది. రబ్బరు మట్టిలో లాగుతుందా అని రైతులు నమ్మలేదు. మరుసటి ఏడాది ఆ కంపెనీ బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే రేసు డ్రైవర్‌ను ట్రాక్టరు ఎక్కించి గంటకు వంద కిలోమీటర్ల పైన నడిపించి చూపించింది. మనకు ధాన్యం ట్రక్కుతో ముప్పై దాటితేనే గుండె గుబేలుమంటుంది!

వరి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. మామూలు గుబ్బలకు రెట్టింపు లోతుండే వరి, చెరకు టైర్లు దొరుకుతాయి. వాటి మీద ఆర్-2 అని ఉంటుంది, ఈ ఆర్ అంటే రేడియల్ కాదు. బురదలో అద్భుతం. రోడ్డెక్కితే అంతే వేగంగా అరుగుతాయి.

రీబటన్ వేయించవచ్చా?

రీబటన్ అంటే అరిగిన గుబ్బల చోట కొత్త రబ్బరు గుబ్బలు వేయించడం. టైరు ఒళ్లు గట్టిగా ఉంటే వేయించవచ్చు. అరిగింది గుబ్బలే అయి ఉండాలి. ఎనిమిదేళ్లు దాటినదానికి, సైడ్‌వాల్ మీద గోరు తట్టే పగుళ్లున్నదానికి డబ్బు పెట్టకండి. ముసలి గోడకు కొత్త సున్నం వేసినట్టుంటుంది. పైన గుబ్బలు కొత్తగా ఉండగానే కింద ఒళ్లు విచ్చుకుంటుంది.

ధర లెక్క కూడా మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తదానికీ రీబటన్‌కూ ఉన్న తేడా అంతమేర తగ్గినట్టే. వేయించే ముందు రెండు ధరలూ కనుక్కోండి.

కోత పడిన టైరుకు గేటర్ వేస్తామంటున్నారు. నమ్మొచ్చా?

గుబ్బల మధ్య రెండు మూడు అంగుళాల కోతకు, లోపల గేటర్, అంటే అతుకు పట్టీ, పెట్టి వేడితో అతికిస్తే పొలం పనికి ఏళ్ల తరబడి వస్తుంది. మా బండిలో ఒకటి ఆరేళ్లు వచ్చింది. సైడ్‌వాల్ కోతకు మాత్రం అది తాత్కాలికమే. బోల్టులతో బిగించే రకం ఒకటుంది, ట్యూబును నమిలేస్తుంది. వద్దు.

ఒక్క టైరే పోయింది. ఒక్కటే కొనవచ్చా?

జత మార్చడం మేలు. కొత్తదానికీ సగం అరిగినదానికీ చుట్టుకొలతలో తేడా ఉంటుంది కాబట్టి, తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్, అంటే రెండు వెనక చక్రాలూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది. డబ్బు లేకపోతే, అదే సైజులో దాదాపు అదే అరుగుదల ఉన్న పాతది వెతికి వేయండి.

నాలుగు చక్రాలూ లాగే బండి అయితే ఇది మొహమాటపడే విషయం కాదు. అందులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా కొద్ది శాతం వేగంగా తిరిగేలా గేర్లు అమర్చి ఉంటారు. వెనకవి మాత్రమే కొత్తవి వేసినా, వేరే సైజు వేసినా ఆ లెక్క తప్పి ముందు యాక్సిల్ మీద పడుతుంది. టైరు దగ్గర మిగిలిన డబ్బుకు రెండింతలు గేర్లకు పోతుంది.

బిగించేటప్పుడు బాణం గుర్తు చూసుకోండి. బండి వెనక నిలబడి చూస్తే గుబ్బల మొన పైకి, గుడి గోపురంలా కనిపించాలి. తిరగేసి బిగించిన బండ్లను నేను సంతలో కూడా చూశాను. మట్టి విడవక టైరు లడ్డూలా తయారవుతుంది.

సెకండ్ హ్యాండ్ టైర్లు కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందుగా మెరుపును చూసి మోసపోకండి. ఒకసారి పక్క పట్టణంలో ఒక దుకాణంలో జత టైర్లు చూశాం. నల్లగా నిగనిగలాడుతున్నాయి, కొత్త పెళ్లికొడుకులా. చెయ్యి వేస్తే జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన ఇంజనాయిలు వాసన. నా తువ్వాలుతో అర అడుగు మేర గట్టిగా తుడిచేసరికి కింద బూడిద రంగు, పగుళ్ల వల బయటపడింది. దుకాణం ఆయన మొహంలో రంగు మారలేదు. "తుడిస్తే ఏ టైరైనా అంతే అన్నా" అన్నాడు.

ఆయిలు పూస్తే పగులు కనపడదు, పైగా రబ్బరు ఉబ్బి మెత్తబడి ఇంకా త్వరగా పోతుంది. డీజిల్, గ్రీజు కూడా అంతే. ఇంట్లో బండి మీద ఒలికితే సబ్బునీళ్లతో కడిగేయండి.

టైరు డిస్కు మీద లేకపోతే అదృష్టం, లోపల చూడొచ్చు. ఎండలో పెట్టి లోపలి నుంచి వెలుగు కనిపిస్తుందేమో చూడండి. గాలి లేకుండా తిప్పిన టైరుకు లోపల చుట్టూ నల్లటి పొడి, గీరుకుపోయిన పట్టీ ఉంటుంది. రెండు టైర్ల తేదీలూ చూడండి. రెండు మూడేళ్ల తేడా పర్వాలేదు. తేదీ ఉండాల్సిన చోట రబ్బరు నున్నగా గీకేసి ఉంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ట్రక్కుకు పాత లారీ టైర్లు వేస్తున్నాం. తప్పా?

అందరూ వేసేదే. కానీ ఆలోచించండి. ట్రాక్టరు టైరు పేలితే బండి ఒరిగి ఆగుతుంది. ధాన్యం బస్తాలతో నిండిన ట్రక్కు టైరు పేలితే బోల్తాయే, వెనకొచ్చే బైకువాడి మీదకు. లారీవాడు పనికిరాదని తీసేసిన టైరును మనం అంతే బరువుకు వాడుతున్నాం. అందుకే నా మట్టుకు వెనక టైర్ల కన్నా ట్రక్కు టైర్ల విషయంలో ఎక్కువ కఠినం. గోరు దిగే పగులుంటే మార్చేస్తాను. కళ్లం నుంచి మార్కెట్ యార్డుకు ఏడాదికి పది ట్రిప్పులే కదా అనుకుంటాం. ఆ పది ట్రిప్పులూ నిండు లోడే.

ఆరు నెలలు బండి తీయం. టైర్లకు ఏం చేయాలి?

యాక్సిళ్ల కింద దిమ్మెలు పెట్టి చక్రాలు నేలను తాకకుండా లేపితే అన్నింటికన్నా మంచిది. అంత ఓపిక లేకపోతే నెలకోసారి గాలి చూసి, బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో జరపండి, అదే చోట బరువు పడకుండా. ఎండ పడే వైపు గోనెపట్టా వేలాడదీయండి. పైన రేకుల షెడ్డు ఉందని ధీమా పడొద్దు, పడమటి ఎండ ఏటవాలుగా దూరుతుంది. టైర్ల కింద పేడ, యూరియా బస్తాలు లేకుండా చూడండి. వెల్డింగ్ చేసే చోటా, ఎప్పుడూ తిరిగే కరెంటు మోటారు పక్కనా పెట్టకండి. అక్కడ ఓజోన్ పుడుతుంది.

విడి టైర్లయితే నిలబెట్టి ఉంచాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కిందది చప్పిడైపోతుంది.

డిస్కు పగిలింది. టైరు తీయకుండా వెల్డింగ్ పెట్టొచ్చా?

వద్దు. గాలి తీసేసినా వద్దు. ఆ వేడికి లోపలి రబ్బరు ఆవిరై మండే వాయువు అవుతుంది, టైరు బాంబులా పేలుతుంది. టైరు, ట్యూబు పూర్తిగా బయటకు తీశాకే వెల్డింగ్. అలాగే కొత్తగా ఎక్కించిన టైరు డిస్కు అంచుకు కూర్చోకపోతే గాలి ఎక్కిస్తూ పోకూడదు. 35 పౌండ్లు దాటకముందే ఆపి, గాలి తీసి, అంచుకు సబ్బునీళ్లు రాసి మళ్లీ మొదలుపెట్టాలి. గాలి కొడుతున్నంతసేపు సైడ్‌వాల్‌కు ఎదురుగా కాదు, గుబ్బల వైపు, కాస్త దూరంగా నిలబడాలి. పిల్లల్ని దూరంగా పంపండి.

తీసేసిన టైర్లు ఏం చేయాలి?

తగలబెట్టకండి. ఆ నల్లటి పొగ వాడకట్టంతా పీలుస్తుంది. పెరట్లో పడేస్తే వానకు నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి, అందులోనూ డెంగీ దోమకు టైరు నీళ్లంటే పుట్టిల్లు. ఉంచుకోవాలనుకుంటే కింది వైపు నాలుగు రంధ్రాలు వేయండి.

పాత టైర్లు కొని తీసుకెళ్లేవాళ్లు వస్తారు. 2022 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం టైరు తయారుచేసే కంపెనీలే అంత మేర పాత టైర్లను రీసైక్లింగ్ చేయించాలి. అందుకే తుక్కు టైరుకు కూడా ఇప్పుడు కొనేవాళ్లున్నారు. పదో పరకో అనకుండా బేరమాడండి.

వెనకటి రోజుల్లో ఊళ్లో ఒక్క ముక్క పారేసేవాళ్లు కాదు. లారీ టైర్లు ఎడ్లబండికి ఎక్కి అది టైరు బండి అయ్యేది, అరిగిన పొరలు టైరు చెప్పులయ్యేవి. ఎండకు నెర్రెలిచ్చిన మా ఎడమ టైరును అడ్డంగా కోయించి పశువుల కుడితి తొట్టి చేశాం. పగుళ్లన్నీ బయటివైపే కాబట్టి చుక్క కారదు. గేదెలు వచ్చి కొమ్ములతో గీరుకుంటాయి, దానికి మాత్రం ఇంకా బాగానే తట్టుకుంటోంది.